మర్యాద కూర

పుదుచ్చేరి గోరిమేడులో థాయ్‌లాండ్ ఎక్కడుందంటే, ఆస్పత్రి ఎదుటి హోటలు మెనూ కార్డులో చైనీస్ అయిపోయి తందూరీ మొదలయ్యే సందులో ఉంది. ప్లాస్టిక్ తొడుగు వేసిన ఆ అట్ట మీద గోబీ మంచూరియా, షెజ్వాన్ నూడుల్స్ దాటాక అర పేజీ మేర గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ, టామ్ యమ్ సూప్, ప్యాడ్ థాయ్, పచ్చి బొప్పాయి సలాడ్ ఉంటాయి. ఆ కిందే పనీర్ టిక్కా. లోపల చిన్న ఏసీ గది, బయట ఫ్యాన్ల కింద నాలుగు బల్లలు, గోడకి ఒక బుద్ధుడి తల. ఆ బుద్ధుడైనా థాయ్‌లాండ్ వాడేమో అనుకున్నాను. మహాబలిపురం రోడ్డు మీద కొన్నాడట ఓనరు.

తినడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జిప్మర్ ఆస్పత్రి తాలూకు మనుషులే. డ్యూటీ దిగిన హౌస్ సర్జన్లు, నర్సింగ్ చదివే పిల్లలు, రోగిని వార్డులో పడుకోబెట్టి కాసేపు గాలి పీల్చుకుందామని బయటికొచ్చిన బంధువులు. 1823లో ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిలో పెట్టిన వైద్య పాఠశాల రకరకాల చేతులు మారి 1964లో ఈ గోరిమేడులో జిప్మర్‌గా స్థిరపడింది. ఈ వీధిలో తిండి వ్యాపారమంతా ఆ గేటుని పట్టుకుని బతుకుతోంది. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, తిరుపతి నుంచి వచ్చే మనవాళ్ళు తక్కువేమీ కాదు కాబట్టి ఇక్కడ టీ బండివాడికి కూడా ‘చక్కెర వద్దు’ అనేది తెలుగులో అర్థమవుతుంది.

నాది యానాం. ఉద్యోగరీత్యా ఇక్కడ మేడ మీద ఒక పోర్షనులో ఉంటున్నాను. యానాం వాళ్ళకి పుదుచ్చేరి రాజధాని. 800 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న రాజధాని. సర్టిఫికెట్టు కావాలన్నా, ట్రాన్స్‌ఫర్ కావాలన్నా, గుండెకి స్టెంటు వేయించుకోవాలన్నా మావాళ్ళు వచ్చేది ఇక్కడికే, దిగేది నా పోర్షన్లోనే. వాళ్ళని భోజనానికి తీసుకెళ్ళే బాధ్యత వల్ల నాకు ఈ హోటలుతో స్నేహం కుదిరింది. తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ వడ్డించే కుర్రాడు ‘స్పైసీ కదా సార్’ అని అడుగుతాడు, నేను నోరు తెరిచేలోపు రాసేసుకుంటాడు కూడా.

ఇలాంటి చోట తింటున్నామని చెబితే లోకం చూసినవాళ్ళు వేసే ప్రశ్న ఒకటుంది: అది అసలైన థాయేనా? నాకా ప్రశ్న మీద పెద్ద గౌరవం లేదు. ఆస్పత్రి ఎదురుగా, ఆకలితో, అలసటతో కూర్చున్న మనిషికి అసలు నకలు పట్టవు. వేడిగా ఉందా, కడుపులో పడ్డాక ఊరుకుంటుందా అన్నదే లెక్క. నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. పరాయి ఊరి వంట మన వీధికి బయల్దేరేటప్పుడు ఏం మూట కట్టుకుని వస్తుంది, ఏం ఇంట్లో దాచిపెట్టి వస్తుంది?

పుదుచ్చేరికి తూర్పు దేశాల వంట కొత్త కాదు. వియత్నాం తిండి ఈ ఊరికి ఓడెక్కి వచ్చింది. 1881లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చి, తమ కుల మతాల చట్టం వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి వచ్చే అవకాశం ఇక్కడివాళ్ళకి ఇచ్చింది. అలా మారిన కుటుంబాల్లోంచి ఎంతోమంది సైగాన్‌లో గుమాస్తాలయ్యారు, పోలీసులయ్యారు, సైన్యంలో చేరారు. కొందరు అక్కడి అమ్మాయిల్ని పెళ్ళాడారు. 1954లో ఫ్రాన్సు ఇండోచైనాని వదులుకోక తప్పలేదు. అదే ఏడు నవంబరు 1న పుదుచ్చేరినీ, దాంతోపాటు మా యానాన్నీ మన దేశానికి అప్పజెప్పింది. సైగాన్ నుంచి తిరిగొచ్చిన సంసారాలతో నెమ్ అనే చుట్ట కూడా ఈ ఊరికి చేరింది. బియ్యప్పిండి పల్చటి రేకులో కూరిన మాంసం, సేమ్యా, వేయించి తింటారు. ఫ్రెంచి పోకడ కలిసిన ఈ ఊరి పాత క్రియోల్ ఇళ్ళలో అది ఇప్పటికీ పండగ వంటే.

వంట కోడలితో వస్తే దాని కంపు కూడా కాపురానికి వస్తుంది. అత్తగారు ముక్కు మూసుకుంటారు, మామగారు సణుగుతారు, పిల్లలు మాత్రం అదే అమ్మ వాసన అనుకుని పెరుగుతారు. ఒక తరం గడిచేసరికి ఆ వాసన ఆ ఇంటిదైపోతుంది.

థాయ్ వంటకి ఆ భాగ్యం లేదు. అది సర్కారు పంపితే వచ్చింది. 2002లో థాయ్ ప్రభుత్వం ‘గ్లోబల్ థాయ్’ అని ఒక పథకం పెట్టింది. అప్పటికి ప్రపంచంలో థాయ్ హోటళ్ళు 5,500 దాకా ఉన్నాయి, వాటిని 8,000 చెయ్యాలన్నది సంకల్పం. హోటలు పెట్టేవాళ్ళకి బ్యాంకు అప్పులిచ్చారు, వంటవాళ్ళకి శిక్షణ ఇచ్చారు, చివరికి హోటలు నమూనాలు కూడా తయారుచేసి పెట్టారు: ఫాస్ట్‌ఫుడ్‌కి ‘ఎలిఫెంట్ జంప్’, మధ్యరకానికి ‘కూల్ బేసిల్’, డబ్బున్నవాళ్ళకి ‘గోల్డెన్ లీఫ్’. కూరతో పాటు పర్యాటకులూ పెరుగుతారు, బియ్యం ఎగుమతీ పెరుగుతుంది. తెలివైన లెక్క. ఆ దేశానికి ఈ విద్య కొత్తా కాదు. సయాం అనే పేరుని 1939లో థాయ్‌లాండ్‌గా మార్చిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వమే నూడుల్స్ తినండని ఊరూరా ప్రచారం చేసింది. ఈనాడు ప్యాడ్ థాయ్ జాతీయ వంటకంగా చలామణీ అవుతోందంటే దాని వెనక ఆ సైనికాధికారి పట్టుదల ఉంది.

మా హోటలు ఓనరుకి ఈ చరిత్రతో పనిలేదు. కానీ ఆయన అట్ట మీద ఉన్న అయిదు పేర్లూ ఆ దారినే, కార్డు నుంచి కార్డుకి నకలై, డబ్బాల్లో వచ్చే పచ్చ ముద్దతోనూ ఎర్ర ముద్దతోనూ గోరిమేడు చేరి ఉంటాయని నా ఊహ. కార్డు మీద వచ్చే వంట చుట్టపుచూపుకి వచ్చినట్టే వస్తుంది. ఇస్త్రీ బట్టలేసుకుని, నవ్వు మొహంతో, ఎవరికీ ఇబ్బంది కలగకుండా.

ఇది నాకు అర్థమైంది మా పెద్దమ్మ వల్ల.

పెదనాన్నని జిప్మర్‌లో చేర్పించి ఆవిడ నా దగ్గరున్నప్పుడు, రోజూ ఇడ్లీ, పెరుగన్నంతో నాలుక చచ్చిపోయిందని అంటే ఒక సాయంత్రం అక్కడికి తీసుకెళ్ళాను. మా పెద్దమ్మది కోనసీమ. వాళ్ళకి రొయ్యల చెరువులు. మేత లెక్కలూ, ఏరేటర్ల కరెంటు బిల్లులూ, పట్టుబడి రోజున కాటా దగ్గర నిలబడ్డమూ అన్నీ ఆవిడే. పెదనాన్న సంతకం పెడతారు.

రొయ్యలేసిన గ్రీన్ కర్రీ, టామ్ యమ్ సూప్, అన్నం చెప్పాను. వడ్డించే కుర్రాడు కాగితం తొడుగులో పుల్లలు తెచ్చి పెట్టాడు. పెద్దమ్మ వాటిని పళ్ళు కుట్టుకునేవి అనుకుని ‘ఇంత పొడుగా!’ అని ఆశ్చర్యపోయింది. నిజానికి థాయ్‌వాళ్ళు అన్నానికి పుల్లలు వాడరు, నూడుల్స్‌కే. పందొమ్మిదో శతాబ్దం దాకా వాళ్ళూ మనలాగే చేత్తో కలుపుకుని తిన్నవాళ్ళే, ఆ తర్వాత రాజుల కొలువు నుంచి చెంచా, ఫోర్కు కిందికి దిగాయి. నేనీ ఉపన్యాసం మొదలుపెట్టేలోపు పెద్దమ్మ చెయ్యి కడుక్కొచ్చి కలిపేసింది.

‘ఎలాగుంది పెద్దమ్మా?’

‘బానే ఉంది నాన్నా. పాయసంలో పచ్చిమిరపకాయలేసి, ఏమనుకున్నాడో ఏమో, నాలుగు రొయ్యలు కూడా పడేసినట్టుంది.’ ఒక రొయ్యని వేళ్ళతో ఎత్తి చూసింది. ‘వనామీ. నలభై కౌంటుంటుంది. ఇవాళ రేటెంతో అడుగు వాణ్ణి.’

సూప్‌లోంచి ఒక పుల్ల తీసి వాసన చూసి, నిమ్మగడ్డి అంది. చెరువు గట్టు మీద దోమలకని వేశారట. ఒక గుండ్రటి ముక్క కొరికి, దుంపరాష్ట్రం కదరా, దగ్గుకి నూరి ఇచ్చేది, దీన్ని కూరలో వేశాడేంటి అంది. పైన తేలుతున్న ఆకు మజ్జిగలో వేసే దబ్బాకులా ఉందంది. థాయ్‌వాళ్ళు పేరు పెట్టి గర్వపడే ఆ రొయ్యల టామ్ యమ్‌ని 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. మా పెద్దమ్మ దాన్ని అయిదు నిమిషాల్లో విప్పి తన పెరట్లో ఆరబెట్టేసింది.

‘థాయ్ అంటే మన సీపీ మేత వాళ్ళే కదా?’ అని అడిగింది ఆఖర్న.

వాళ్ళే. సీపీ అంటే 1921లో బ్యాంకాక్‌లో విత్తనాల కొట్టుగా మొదలైన చరొయెన్ పోక్‌ఫాండ్ సంస్థ. హైదరాబాదు అవంతి ఫీడ్స్‌లోనూ థాయ్ యూనియన్ అనే కంపెనీకి వాటా ఉంది. 2009లో మన దేశంలో వనామీకి అనుమతి వచ్చాక గోదావరి జిల్లాల్లో వరిచేలు చెరువులవుతూ పోయాయి. 2012, 2013ల్లో థాయ్‌లాండ్ చెరువులకి ఇ.ఎం.ఎస్. అనే తెగులు తగిలి వాళ్ళ పంట కుప్పకూలినప్పుడు అమెరికా కొనుగోలుదార్లు మనవైపు తిరిగారు, కోనసీమలో కొత్త డాబాలు లేచాయి. పెద్దమ్మ వాళ్ళ మేడ మీది గది ఆనాటిదే. గుంటూరు, ఖమ్మం తేజ మిర్చిని చైనాతో పాటు థాయ్‌లాండ్ కూడా కొంటుంది. అంటే మేత వాళ్ళది, రొయ్య మనది, మిరపకాయ మనది, తెగులు వాళ్ళది, డాబా మనది. ఇన్ని ఇచ్చిపుచ్చుకోడాలున్న ఇద్దరు మనుషుల మధ్య ఆ బల్ల మీద కొబ్బరిపాలు, పంచదార తప్ప ఇంకేమీ లేదు. అదీ నాకు ఆ పూట కొట్టొచ్చినట్టు కనబడిన సంగతి.

ఏది లేదో నాకు కాస్త తెలుసు. 2023 నవంబరు నుంచి భారతీయులకి వీసా అక్కర్లేదని థాయ్‌లాండ్ ప్రకటించాక తెలుగు దేశమంతా బ్యాంకాక్ విమానమెక్కింది, ఆ గుంపులో మేమూ ఎక్కాం. టూరువాళ్ళు మూడు పూటలా పప్పూ, ఆలూ కూర, పెరుగన్నం పెట్టి మమ్మల్ని ఆ దేశం నుంచి చక్కగా కాపాడారు. ఒక మధ్యాహ్నం తప్పించుకుని వీధి కొట్టులో తిన్నాను. గ్రీన్ కర్రీలో పచ్చని గోళీకాయల్లాంటివి గుత్తులుగా తగిలాయి. కొరికితే చేదు. ఉస్తికాయలు! మన పల్లెల్లో కంచెల మీద పెరిగి, ఎండబెట్టి వేయించుకుంటే తప్ప పిల్లలు ముట్టని ఉస్తికాయలు. తమిళులు సుండక్కాయ అంటారు, పుదుచ్చేరి మార్కెట్లో కుప్పలు పోసి అమ్ముతారు. గోరిమేడు గ్రీన్ కర్రీలో వాటి స్థానంలో బ్రకోలీ, బేబీ కార్న్ ఉంటాయి.

పక్క బల్ల మీద ఇంకోటి చూశాను. కోడిమాంసం కీమా, వెల్లుల్లి, మిరపకాయలు, దాంట్లో గుప్పెడు ఆకు. ఆ వాసన నాకు ఎక్కడో గుళ్ళో తెలిసినది. తులసి. వృక్షశాస్త్రం ప్రకారం మన కోటలో పెంచుకునే జాతే. థాయ్‌వాళ్ళకి రోజువారీ మధ్యాహ్నం భోజనం అది. గోరిమేడు కార్డులో ఆ వంటకం లేదు, ఉండకపోవడమే మంచిదేమో. పెద్దమ్మకి చెబితే రెండు చెవులూ మూసుకుని, ‘ఆస్పత్రిలో మనిషుండగా ఏం మాటల్రా అవి’ అంది. ఇక్కడ నేను పెద్దమ్మ పక్షమే. అన్ని వాసనలూ అందరి ఇళ్ళకీ రానక్కర్లేదు.

మూడోది చేపల ఊట. నెత్తళ్ళూ ఉప్పూ పొరలు పొరలుగా జాడీల్లో వేసి నెలల తరబడి ఊరనిస్తే దిగే గోధుమరంగు నీళ్ళు. థాయ్ వంటలో ఉప్పు పని చాలామటుకు అదే చేస్తుంది. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు కూడా పడతాయి: వెల్లుల్లి, మిరపకాయలు, తాటిబెల్లం, వేరుశనగ గుళ్ళు, టమాటా, పచ్చి బొప్పాయి కోరు, అన్నీ రోట్లో వేసి రోకలితో దంచడమే. చూస్తుంటే అది సలాడ్ కాదు, రోటి పచ్చడి. గోరిమేడులో అది గాజు గిన్నెలో, నిమ్మరసం, తేనె చల్లుకుని, ఆరోగ్యం కోసం తినేదిగా వస్తుంది.

ఇదంతా మన దాకా వస్తే ఎలా ఉంటుందో తెలుసుకోడానికి దూరం పోనక్కర్లేదు. ఇటు పుదుచ్చేరిలోనూ అటు చెన్నైలోనూ ఆంధ్రా మెస్ అంటే ఏమిటి? కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర, ఆవకాయ, కళ్ళవెంబడి నీళ్ళు. మా ఆఫీసులో తమిళ మిత్రులు తెలుగువాడి వంటంతా ఆ నీళ్ళేనని నమ్ముతారు. చింతచిగురూ ఎండు రొయ్యలూ కలిపి వండుతారని గానీ, నల్లేరు కాడలతో పచ్చడి చేస్తారని గానీ, పనసపొట్టుకి ఆవ పెడతారని గానీ వాళ్ళకి చెప్పినవాడు లేడు. మెస్సులవాళ్ళు చెప్పరు. తెలిసిన కారాన్ని అమ్ముకోవడం సులువు. స్పైసీ కదా సార్ అనే కుర్రాడి తప్పేముంది?

కుర్రాడంటే గుర్తొచ్చింది, ఆ హోటల్లో థాయ్ పేజీ వండేవాడిది మణిపూర్. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. రాత్రి పదయ్యాక, రద్దీ తగ్గాక బయటికొచ్చి గట్టు మీద కూర్చుంటాడు. హిందీలో, కొంచెం తమిళంలో మాట్లాడుకుంటాం. వాళ్ళింట్లో పులియబెట్టిన చేప లేనిదే కూర పొయ్యి దిగదట. మిరపకాయలు కాల్చి, ఉడికిన దుంపలతో, ఆ చేపతో కలిపి మెదిపి తింటారట. చెబుతుంటే మొహం వెలిగిపోయింది. మరి ఇక్కడ కూరలో చేపల ఊట ఎందుకు వెయ్యవని అడిగాను. సీసా ఉంది, చుక్క వేస్తాను, అంతకు మించితే కస్టమర్ లేచిపోతాడు సార్ అన్నాడు. ఇక్కడ అతను అద్దెకుండే గదిలో ఆ చేప వండితే ఇంటివాళ్ళు గొడవ చేశారట. అందుకని అక్కడా మానేశాడు.

నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మా పెద్దమ్మ కోనసీమ నుంచి వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు నాలుగు కవర్లలో చుట్టి, ఆ కవర్లని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని చీరల మధ్య దాచి తెచ్చింది. బస్సులో వాసనొస్తే కండక్టరు దింపేస్తాడని. వచ్చాక నేను తలుపులు, కిటికీలు మూసి వండించాను. కింద ఇంటి ఓనరు గారేమనుకుంటారో అని. ఆ ఓనరు గారింట్లోంచి ప్రతి ఆదివారం కరువాడు, అంటే ఎండుచేపల పులుసు వాసన మెట్లెక్కి వస్తుంది; వాళ్ళూ కిటికీలు మూసుకునే వండుతారు, నేనేమనుకుంటానో అని కాబోలు. అలా మణిపూర్ చేప అసలు పొయ్యే ఎక్కక, కోనసీమ రొయ్య ఒక గదిలో, తమిళ కరువాడు ఒక గదిలో తలుపులేసుకుని ఉడుకుతూ ఉంటే, నలుగురం ఎదురుపడే హోటలు బల్ల మీదికి మాత్రం మాలో ఎవరూ ఇంట్లో వండుకోని తియ్యటి పచ్చ కూర వచ్చి కూర్చుంటుంది. మర్యాదస్తుల కూర. దానివల్ల ఎవరికీ కష్టం లేదు. నర్సింగ్ పిల్లలు దాంతో పుట్టినరోజులు చేసుకుంటారు, ఎక్కువ కారం పడని పేషెంటుకి కూడా రెండు చెంచాలు పెట్టొచ్చు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఊళ్ళో ఇంత వాసన ఉండగా బల్ల మీద ఇంత మర్యాదేమిటి అని మాత్రం అనిపిస్తుంది.

అనిపించి ఊరుకోకుండా ఒకసారి హోటలు ఓనరుతో అన్నాను. ఆయన పుదుచ్చేరి మనిషే, కౌంటరు దగ్గర కూర్చుని బిల్లులు గుచ్చుకుంటున్నాడు. గ్రీన్ కర్రీలో బ్రకోలీ తీసేసి సుండక్కాయ వెయ్యండి సార్, బ్యాంకాక్‌లో అలాగే వేస్తారు, బ్రకోలీ ధరలో పావు వంతు కూడా పడదు, మార్కెట్లో కావలసినంత ఉంది అన్నాను. చేప జోలికి పోలేదు; చేదుతో మొదలుపెడదాం అనుకున్నాను.

ఆయన బిల్లుల్లోంచి తల ఎత్తాడు. సంగతి ఆయనకి ముందే తెలుసట. హోటలు పెట్టిన కొత్తలో వంటవాడు అలాగే వేశాడట.

‘సుండక్కాయ కనబడితే ఏమన్నారో తెలుసా సార్? ఇది మా అమ్మ ఇంట్లో వండేదే కదా, దీనికింత రేటేమిటి అన్నారు.’